క్యాన్సర్ చికిత్సలో శరీర బరువు: కరువు సీమ చెప్పే చరిత్ర



అనంతపురం జిల్లాలో ప్రభుత్వ వైద్యునిగా పనిచేస్తున్న కాలంలో కంబదూరు ప్రాంతానికి చెందిన ఒక రైతు నా వద్దకు వచ్చేవాడు. కళ్యాణదుర్గానికి ఆవల, కర్ణాటక సరిహద్దు సమీపాన ఉన్న మెట్ట భూములవి. వాన కురిస్తే వేరుశనగ, కురవకుంటే వలస. ఆయనకు అన్నవాహికలో క్యాన్సర్ అని తేలింది. దూరాన ఒక నగరంలోని ఆసుపత్రిలో మందు ఎక్కించుకొని, మధ్యలో స్వగ్రామానికి వచ్చి ఉండేవాడు. నీరసమన్నప్పుడు నేను సెలైన్ పెట్టించాను, టానిక్ రాసిచ్చాను. బరువు మాత్రం చూడలేదు.

మూడవ విడత మందుకు వెళ్ళినప్పుడు ఆ ఆసుపత్రి వైద్యులు ఆయనను వెనుకకు పంపారు. చికిత్సకు ముందు 58 కిలోలున్న మనిషి 46 కిలోలకు దిగిపోయాడు. శరీరంలో అయిదవ వంతు కరిగిపోయింది. ఈ స్థితిలో మందు ఎక్కిస్తే తట్టుకోలేడని వారు చెప్పారు. విచారించగా, ఇంట్లో పథ్యం పెట్టారని తెలిసింది. పాలు, గుడ్లు, శనక్కాయలు, పప్పు అన్నీ మాన్పించి, పలుచని గంజి మాత్రమే ఇస్తున్నారు. ఆయన నన్ను అడిగిన ప్రశ్న నేటికీ నా చెవిలో ఉంది: "తింటే గడ్డకే బలమొస్తాదంట కదా సార్?"

"అట్లాంటిదేమీ లేదు పెద్దాయనా, బాగా తినాల" అన్నాను. ఆ మాట ఆయనకు చాలలేదు. మిగిలిన విడతల మందు ఆయనకు అందలేదు. కొద్ది నెలల్లో కన్నుమూశాడు. అన్నవాహిక క్యాన్సర్ స్వతహాగా కఠినమైన వ్యాధి, బరువు నిలిచి ఉన్నా ఆయన ఎంతకాలం జీవించేవాడో ఎవరూ చెప్పలేరు. అయితే పూర్తి చికిత్స పొందే అవకాశం ఆయన చేజారడంలో ఆ 12 కిలోల పాత్ర ఉంది. వాటిని సకాలంలో గమనించకపోవడంలో నా పాత్ర ఉంది.

పదవీ విరమణ అనంతరం వైద్య చరిత్ర చదువుతుండగా ఒక విషయం బోధపడింది. ఆ రైతు సందేహం గాలిలోంచి పుట్టినది కాదు. దాని వెనుక వైద్య చరిత్రలో నిజంగా జరిగిన ఒక ఘట్టం ఉంది. ఆ ఘట్టంలో ప్రధాన పాత్రధారులలో ఒకరు మన తెలుగువారే. ఆనాడు నేను ఆయనకు చెప్పలేకపోయిన సమాధానాన్ని, కరువు కాలం నుండి మొదలుపెట్టి, ఈ వ్యాసంలో చెప్పడానికి ప్రయత్నిస్తాను.

ధాత కరువు నేర్పిన మొదటి పాఠం

మన సీమలో పెద్దలు ధాత కరువు అని చెప్పుకొనే మహాక్షామం 1876–78 సంవత్సరాలలో వచ్చింది. అప్పటికి అనంతపురం జిల్లా ఏర్పడలేదు. 1882లో బళ్ళారి జిల్లా నుండి విడదీసి దీనిని ఏర్పరచారు. మద్రాసు రాజధానిలో క్షామం అతి తీవ్రంగా తాకిన ప్రాంతాలలో బళ్ళారి జిల్లా ఒకటి.

క్షామ సహాయ వ్యయాన్ని తగ్గించే బాధ్యతపై వైస్రాయి లిట్టన్ ప్రభుత్వం 1877 ఆరంభంలో సర్ రిచర్డ్ టెంపుల్‌ను మద్రాసుకు పంపింది. సహాయ పనుల్లో రోజంతా శ్రమించే మగవానికి ఒక పౌను ధాన్యం, ఒక అణా కూలి చాలునని ఆయన నిర్ణయించాడు. ఆడవారికి, పిల్లలకు ఇంకా తక్కువ. ఒక పౌను అంటే సుమారు 450 గ్రాములు. చరిత్రలో ఇది టెంపుల్ కూలిగా పేరు పడింది.

దీనిని ఎదిరించినవాడు మద్రాసు రాజధాని శానిటరీ కమిషనర్‌గా ఉన్న వైద్యుడు డబ్ల్యు. ఆర్. కార్నిష్. ఈ రాజధాని ప్రజలు ఏమి తింటారు, జైళ్ళలో ఖైదీలకు ఎంత ఆహారం ఇస్తారు అన్న అంశాలపై ఆయన 1863లోనే నివేదిక ప్రచురించి ఉన్నాడు. కనీసం ఒకటిన్నర పౌను ధాన్యం కావాలని, దానికి తోడు పప్పు, కూరగాయలు ఉండాలని ఆయన వాదించాడు. టెంపుల్ కూలి మనిషిని నెమ్మదిగా కృశింపజేస్తుందన్నది ఆయన హెచ్చరిక. చివరకు 1877 మార్చిలో మద్రాసు ప్రభుత్వం కొంత దిగివచ్చి ధాన్యాన్ని ఒకటింపావు పౌనుకు పెంచి, ఒకటిన్నర ఔన్సుల పప్పును చేర్చింది.

ఆ వివాదంలో మనకు పనికివచ్చే అంశం ఒకటి ఉంది. 450 గ్రాముల ధాన్యం వల్ల రమారమి 1,550 కిలో కేలరీల శక్తి వస్తుంది. రాళ్ళు కొట్టే, చెరువులు తవ్వే మనిషికి అది చాలదు. కడుపు కొంత నిండినట్లే ఉంటుంది, కాని శరీరం తన కండనే ఖర్చు చేసుకుంటుంది. చావు ఒక్కసారిగా రాదు కాబట్టి లెక్క వేసేవారికి ఆ ఆహారం చాలినట్లే కనబడుతుంది. కార్నిష్ పప్పు కోసం పట్టుబట్టడానికి కారణం ఇదే. పప్పులో ఉన్న మాంసకృత్తులు లేనిదే కండ నిలవదు.

మా రైతు ఇంట్లో గంజి పోసినవారు ప్రేమతో పోశారు. టెంపుల్ పొదుపు కోసం తగ్గించాడు. ఉద్దేశాలు వేరైనా ఫలితం ఒక్కటే అయింది.

కూనూరు, బొంబాయి, మద్రాసు

పరిమాణం ఒక్కటే చాలదని, ఆహారంలో కంటికి కనబడని మరికొన్ని పదార్థాలు ఉన్నాయని తరువాతి తరం గ్రహించింది. 1918లో నీలగిరి కొండలలోని కూనూరులో, పాశ్చర్ సంస్థకు చెందిన ఒక చిన్న గదిలో రాబర్ట్ మెక్‌కారిసన్ బెరిబెరి వ్యాధిపై పరిశోధన ఆరంభించాడు. ఆ గదే పెరిగి పెద్దదై, 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, నేటి జాతీయ పోషకాహార సంస్థ అయింది.

1928లో లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బొంబాయికి వచ్చింది. బట్టల మిల్లుల్లో పనిచేసే పేద గర్భిణులలో ఒక తీవ్రమైన రక్తహీనత కనబడుతుండేది. ఎర్ర రక్తకణాలు సంఖ్యలో తగ్గి, పరిమాణంలో ఉబ్బి ఉండేవి. ఆమె కూనూరులోనూ, మద్రాసులోని క్యాస్ట్ అండ్ గోషా ఆసుపత్రిలోనూ ఈ పరిశోధనను కొనసాగించింది. ఈస్ట్ సారంతో తయారయ్యే మార్మైట్ అనే చవక పదార్థాన్ని ఇవ్వగా ఆ గర్భిణులు కోలుకున్నారు. 1931లో ఆమె ఈ ఫలితాన్ని ప్రకటించింది. ఆ సారంలో ఉన్న అజ్ఞాత పదార్థాన్ని వైద్యలోకం చాలాకాలం విల్స్ ఫ్యాక్టర్ అని పిలిచింది. 1941లో అమెరికాలోని టెక్సాస్ శాస్త్రజ్ఞులు పాలకూర ఆకుల నుండి ఒక పదార్థాన్ని వేరుచేసి, ఆకుకు లాటిన్ పేరైన ఫోలియం ఆధారంగా దానికి ఫోలిక్ ఆమ్లం అని పేరు పెట్టారు. ఈ రెండూ ఒకే కుటుంబానికి చెందినవని తరువాత తేలింది.

ఎల్లాప్రగడ సుబ్బారావు

ఇక్కడ మన తెలుగువాని ప్రవేశం. ఎల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. యవ్వనంలోనే ఇద్దరు సోదరులను కొద్ది రోజుల తేడాతో స్ప్రూ అనే వ్యాధికి పోగొట్టుకున్నారు. ఉష్ణదేశాలలో కనబడే ఈ వ్యాధిలో పేగుల లోపలి పొర దెబ్బతిని తిన్న ఆహారం ఒంటబట్టదు. విడువని విరేచనాలు, నోరూ నాలుకా పుండు పడడం, రక్తహీనత, చివరకు ఎముకల గూడుగా మారేంత కృశింపు దీని లక్షణాలు. సుబ్బారావుగారు కూడా ఆ వ్యాధి బారిన పడి, ప్రసిద్ధ ఆయుర్వేద వైద్యులు ఆచంట లక్ష్మీపతిగారి చికిత్సతో కోలుకున్నారు.

మద్రాసు వైద్య కళాశాలలో చదివి, 1920లలో అమెరికాలోని హార్వర్డుకు చేరారు. అక్కడ సైరస్ ఫిస్క్‌తో కలిసి రక్తంలో ఫాస్ఫరస్‌ను కొలిచే విధానాన్ని 1925లో ప్రకటించారు. మా తరం వైద్య విద్యార్థులకు అది పాఠ్యపుస్తకంలోని పేరు. 1940లో లెడర్లీ ప్రయోగశాలలో చేరి, అక్కడి పరిశోధన బృందానికి సారథ్యం వహించారు. ఆ బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేయగలిగింది. వెనువెంటనే టామ్ స్పీస్ వంటి వైద్యులు స్ప్రూ రోగులకు దానిని ఇచ్చి, రక్తం తిరిగి పట్టడాన్ని చూశారు. సోదరులను బలిగొన్న వ్యాధికి మందు దొరికింది.

కథ అక్కడితో ఆగిపోయి ఉంటే అది కృశించిన మనిషికి తిరిగి బరువు తెచ్చిన విటమిను కథగా మిగిలేది. దాని రెండవ మలుపే మా రైతు ప్రశ్నకు మూలం.

తింటే గడ్డకు బలమా?

బోస్టన్ నగరంలోని పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు ల్యుకేమియాతో మరణించే పసిపిల్లలను చూస్తుండేవాడు. అప్పటికి ఆ వ్యాధికి మందు లేదు. లెడర్లీ నుండి వచ్చిన ఫోలిక్ ఆమ్ల సంబంధ పదార్థాలను కొందరు రోగులకు ఇచ్చి చూడగా, ఎముక మూలుగలో వ్యాధి తగ్గడానికి బదులు వేగం పుంజుకున్నట్లు ఆయన గమనించాడు. అంటే ఒక పోషక పదార్థం క్యాన్సర్ కణాలకు ఊతమిచ్చిన సందర్భం చరిత్రలో నిజంగా ఉన్నది.

ఆ గమనికనుండి ఫార్బర్ మరొక ఆలోచనకు వచ్చాడు. ఫోలిక్ ఆమ్లం కణాన్ని ఉసిగొల్పుతుంటే, దానికి విరోధి అయిన పదార్థం కణాన్ని ఆపాలి. సుబ్బారావుగారి బృందం అటువంటి విరోధులను తయారుచేసింది. అవి రూపంలో ఫోలిక్ ఆమ్లాన్ని పోలి ఉంటాయి. కణంలో దాని స్థానాన్ని ఆక్రమిస్తాయి, కాని దాని పని చేయవు. తాళంలో దూరి, తిరగక, అసలు తాళపుచెవికి చోటు లేకుండా చేసే దొంగచెవి వంటివి. అమినోప్టెరిన్ అనే అటువంటి మందును ఫార్బర్ 16 మంది పిల్లలకు ఇవ్వగా 10 మందిలో వ్యాధి తాత్కాలికంగా వెనుకడుగు వేసింది. 1948 జూన్‌లో ఈ ఫలితం ప్రచురితమైంది. అదే ఏడు ఆగస్టులో సుబ్బారావుగారు నిద్రలోనే గుండెపోటుతో మరణించారు. వారి బృందంనుండే వచ్చిన మరొక విరోధి మెథోట్రెక్సేట్. 1956లో మిన్ చియు లీ, రాయ్ హెర్ట్జ్ అనే వైద్యులు గర్భసంచికి సంబంధించిన కోరియోకార్సినోమా అనే క్యాన్సర్‌ను దానితో నయం చేయగలిగారు. నేడు ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర ఔషధాల జాబితాలో మెథోట్రెక్సేట్ ఉంది.

ఇప్పుడు రైతు ప్రశ్నకు వద్దాం. ఫార్బర్ చూసినది ఒక ప్రత్యేక పదార్థం ఒక ప్రత్యేక కణంపై చూపిన ప్రభావం. ఆ పిల్లలకు మేలు చేసినది కూడా పస్తు కాదు, ఔషధం. ఆ మందు కణం లోపల ఒకే ఒక ద్వారాన్ని మూస్తుంది. మనిషి అన్నం మానితే ఆ ద్వారం మూసుకోదు. ఎందుకంటే మనం తినకపోయినా రక్తంలో చక్కెర ఆగిపోదు. కండలోని మాంసకృత్తులను కరిగించి, కాలేయం వాటినుండి చక్కెరను తయారుచేస్తుంది. క్యాన్సర్ కణం ఆ చక్కెరను తీసుకుంటూనే ఉంటుంది. పస్తు పెట్టినప్పుడు ముందు నష్టపోయేది రోగి తొడ కండ, భుజం కండ, శ్వాసకు ఉపకరించే కండ, వ్యాధినిరోధక శక్తి. గడ్డ ఆఖరున నష్టపోతుంది.

అందువల్ల ఆ రైతుకు ఆనాడు నేను చెప్పవలసిన మాట ఇది: "పెద్దాయనా, గడ్డను మాడ్చే పని మందు చూసుకుంటుంది. ఆ మందును మోసే పని నీ ఒంటిది. ఒళ్ళు నిలబడితేనే మందు పని చేస్తాది."

మందు కోరే మూల్యం

ఈ కథలో మరొక విచిత్రం ఉంది. మెథోట్రెక్సేట్ ఎక్కువ మోతాదులో తీసుకున్న రోగికి నోరు పుండు పడుతుంది, విరేచనాలు అవుతాయి, రక్తకణాలు తగ్గుతాయి. ఇవే స్ప్రూ లక్షణాలు కూడా. కారణం స్పష్టమే. నోటి లోపలి పొర, పేగుల పొర, ఎముక మూలుగ నిరంతరం కొత్త కణాలను పుట్టిస్తుంటాయి. వాటికి ఫోలిక్ ఆమ్లం అత్యవసరం. మందు క్యాన్సర్ కణానికీ, ఈ ఆరోగ్యకరమైన కణాలకూ తేడా చూడదు. సుబ్బారావుగారి సోదరులను కృశింపజేసిన లోటునే, కొలిచిన మోతాదులో, కొద్ది రోజులపాటు, వైద్యులు బుద్ధిపూర్వకంగా కలిగిస్తారన్నమాట.

ఆ లోటును తీర్చే ఉపాయం కూడా అదే పరిశోధననుండి వచ్చింది. భారీ మోతాదులో మెథోట్రెక్సేట్ ఇచ్చిన తరువాత, నిర్ణీత గంటలకు ఫోలినిక్ ఆమ్లాన్ని ఇచ్చి ఆరోగ్యకరమైన కణాలను కాపాడతారు. గంటల లెక్క తప్పితే చికిత్స దెబ్బతింటుంది. కాబట్టి ఒక ముఖ్యమైన హెచ్చరిక: మెథోట్రెక్సేట్ తీసుకుంటున్నవారు బలానికి మంచిదని ఎవరో చెబితే ఫోలిక్ ఆమ్లం మాత్రలు గాని, విటమిను మాత్రలు గాని సొంతంగా వేసుకోకూడదు. చికిత్స చేస్తున్న వైద్యుడు రాసి ఉంటే మానకూడదు. ఇది మాత్రల సంగతి. ఆకుకూర పప్పును భయంతో మానవలసిన పని లేదు.

ఇతర క్యాన్సర్ మందులు వేరు వేరు మార్గాలలో పనిచేసినా, వాంతులు, నోటి పుండ్లు, రుచి మారడం, ఆకలి చావడం చాలావాటికి సామాన్యం. గొంతుకు, ఉదరానికి రేడియేషన్ ఇచ్చినప్పుడూ అంతే. చికిత్సే ఆహారానికి అడ్డుపడుతుందని ముందే తెలుసుకుంటే, కుటుంబం దానికి సిద్ధపడగలదు.

బరువును వైద్యులు గుర్తించిన క్రమం

క్యాన్సర్ రోగి కృశించడం గ్రీకుల కాలం నుండి వైద్యులకు తెలుసు. కాకెక్సియా అన్న మాట వారిదే, దుస్థితి అని దాని అర్థం. అయితే అది వ్యాధి అంతిమ దశలో తప్పనిదని భావించి వదిలివేసేవారు. నేను చదువుకున్న రోజులలోనూ మాకు అలాగే బోధించారు.

1944–45లో అమెరికాలోని మిన్నెసోటాలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రజ్ఞుడు 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు, వారి అంగీకారంతో, 24 వారాలపాటు సగం ఆకలి ఆహారం ఇచ్చి పరిశీలించాడు. వారి బరువు సుమారు నాలుగవ వంతు తగ్గింది. నాడి మందగించింది, ఒళ్ళు చల్లబడింది, మనసు దేనిమీదా నిలవలేదు. ఆకలిగొన్న శరీరం ఖర్చు తగ్గించుకొని కండను కొంతవరకైనా కాపాడుకోవడానికి యత్నిస్తుందని తేలింది.

క్యాన్సర్ కృశత్వం దీనికి భిన్నం. 1985లో బ్యూట్లర్, సెరామి బృందం కాకెక్టిన్ అనే పదార్థమూ, ట్యూమర్ నెక్రోసిస్ ఫ్యాక్టర్ అనే పదార్థమూ ఒక్కటేనని గుర్తించింది. వ్యాధితో పోరాడే క్రమంలో శరీరమే విడుదల చేసే ఇటువంటి పదార్థాలు ఆకలిని చంపి, కండను కరిగిస్తాయి. అందుకే కేవలం తిండి పెంచినంత మాత్రాన పోయిన బరువంతా తిరిగి రాదు. రోగి తినలేకపోతే అది మొండితనం కాదని ఇంటివారు గ్రహించాలి. అదే సమయంలో, వ్యాధి వల్ల పోయే బరువుకు పథ్యం వల్ల పోయే బరువును కూడా జోడిస్తే రెండు వైపులా దహించుకుపోతుంది. మొదటిది మన చేతిలో కొంతే ఉంది. రెండవది పూర్తిగా మన చేతిలో ఉంది.

1980లో డీవిస్ మొదలైన వైద్యులు 3,047 మంది క్యాన్సర్ రోగుల వివరాలను పరిశీలించి, మందులు మొదలుపెట్టకముందే బరువు తగ్గినవారు తక్కువ కాలం జీవించారని చూపారు. 2011లో అంతర్జాతీయ నిపుణులు ఒక కొలమానాన్ని అంగీకరించారు: ప్రయత్నించకుండానే 6 నెలల్లో 5 శాతానికి మించి బరువు తగ్గితే దానిని క్యాన్సర్ కృశత్వంగా పరిగణించాలి. మా రైతుకు ఆ హద్దు 3 కిలోలు. 58 నుండి 55కు దిగిన రోజే గంట మోగవలసింది. మేము 46 దాకా ఆగాం.

కంబదూరు ఇంట్లో ఏమి చేయాలి?

మొదటిది, తూకం. క్యాన్సర్ మందు మోతాదును చాలా సందర్భాలలో ఎత్తునూ బరువునూ బట్టి లెక్కిస్తారు. రేడియేషన్‌కు ముఖంపై అమర్చే ముసుగు సైతం రోగి చిక్కిపోతే వదులై గురి తప్పవచ్చు. అందువల్ల వారానికి ఒకసారి, ఒకే రోజున, ఉదయం పరగడుపున, ఒకే యంత్రంపై బరువు చూసి పుస్తకంలో రాయాలి. ఇంట్లో యంత్రం లేకపోతే గర్భిణుల బరువు చూడడానికి అంగన్‌వాడీలో ఉంటుంది. అదీ కుదరకపోతే శనక్కాయల బస్తాలు తూచే కాటా ఉంది. బస్తాకు ప్రతి కిలో లెక్కగట్టే ఊళ్ళో మనిషి తూకం ఎవరమూ చూడలేదన్న బాధ నాకు నేటికీ ఉంది. కాళ్ళ వాపు, కడుపులో నీరు ఉంటే కాటా తప్పు చెబుతుంది. అప్పుడు రొండి, భుజాల కండను చూడాలి, వైద్యునికి చెప్పాలి.

రెండవది, లెక్క. నేటి ప్రామాణిక సూచనల ప్రకారం రోగికి కిలో బరువుకు రోజుకు 25 నుండి 30 కిలో కేలరీలు, 1 నుండి 1.5 గ్రాముల మాంసకృత్తులు కావాలి. శ్రమ చేయక ఇంటిపట్టున ఉండే 50 కిలోల రోగికి 1,250 నుండి 1,500 కిలో కేలరీలు, 50 నుండి 75 గ్రాముల మాంసకృత్తులు అన్నమాట. దీనికి ఖరీదైన డబ్బా పొడులు అక్కరలేదు. 200 గ్రాముల రాగిపిండి, బియ్యం కలిపి సంగటి, 60 గ్రాముల కందిపప్పు, 40 గ్రాముల వేరుశనగ విత్తనాలు, 2 గుడ్లు, అర లీటరు పాలు లేక పెరుగు కలిస్తే రమారమి 65 గ్రాముల మాంసకృత్తులు, 1,500 పైచిలుకు కిలో కేలరీలు వస్తాయి. మన నేల పండించేదే, మన పశువు ఇచ్చేదే చాలావరకు సరిపోతుంది.

మూడవది, తినిపించే పద్ధతి. ఒకేసారి పళ్ళెం నిండా పెట్టి బలవంతం చేయవద్దు. రెండు గంటలకోసారి కొద్దికొద్దిగా పెట్టాలి. నోరు పుండు పడినప్పుడు కారం, పులుపు, వేడి తగ్గించి, మెత్తని సంగటిని పాలతోనో పెరుగుతోనో జారుగా చేసి ఇవ్వాలి. వేరుశనగను వేయించి మెత్తగా రుబ్బి జావలో కలపవచ్చు. వట్టి గంజి పోయడం కంటే అదే గంజిలో రెండు చెంచాల ఆ ముద్ద, ఒక చెంచా నెయ్యి కలిపితే శక్తి ఎన్నో రెట్లవుతుంది. బూజు పట్టిన, రంగు మారిన విత్తనాలను మాత్రం పారవేయాలి. ఆ బూజులో పుట్టే అఫ్లాటాక్సిన్ కాలేయానికి విషం. తెల్ల రక్తకణాలు తగ్గిన రోజులలో వండిన ఆహారమే, వేడిగా ఉండగానే పెట్టాలి. గొంతు దిగకపోతే ముక్కు ద్వారా గాని, పొట్ట ద్వారా గాని గొట్టం అమర్చి ఆహారం ఇస్తారు. అది ఆఖరి దశకు గుర్తు అని భయపడి చాలామంది నిరాకరిస్తారు. అది చికిత్స పూర్తి కావడానికి వేసే వంతెన.

నాల్గవది, నడక. శక్తి ఉన్నంత మేరకు రోజూ కొంత నడవాలి. కదలని కండకు తిన్న మాంసకృత్తులు అంతగా ఒంటబట్టవు.

అయిదవది, మందు. వాంతికి, నొప్పికి, ఆకలికి మందులున్నాయి, అడగాలి. 2023లో పుదుచ్చేరిలోని జిప్‌మర్ వైద్యులు ఉదర, కాలేయ, ఊపిరితిత్తుల క్యాన్సర్లకు మందులు తీసుకునే రోగులలో ఓలాంజపిన్ అనే చవకైన పాత మందును 2.5 మిల్లీగ్రాముల చిన్న మోతాదులో ఇచ్చి చూశారు. 5 శాతానికి మించి బరువు పెరిగినవారు ఆ మందు పొందినవారిలో 60 శాతం, ఉత్తుత్తి మాత్ర పొందినవారిలో 9 శాతం. ఇది మానసిక వైద్యంలో వాడే మందు, నిద్రమత్తు కలిగిస్తుంది. క్యాన్సర్ వైద్యుని సలహా లేకుండా వాడరాదు.

చివరగా ఒక సవరణ. అందరు రోగులూ చిక్కిపోరు. రొమ్ము క్యాన్సర్ చికిత్సలో కొందరు స్త్రీలు స్టెరాయిడ్ల వల్ల, కదలిక తగ్గడం వల్ల, ముందుగానే రుతుచక్రం ఆగిపోవడం వల్ల బరువు పెరుగుతారు. వారికి నెయ్యి, చక్కెర తగ్గించి, మాంసకృత్తులను, నడకను నిలుపుకోవాలి. వారు కూడా చికిత్స నడుమ పస్తులుండి తగ్గాలని చూడకూడదు. మధుమేహం, మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి పైన చెప్పిన లెక్కలు మారతాయి. వారు తమ వైద్యుని అడిగి నడచుకోవాలి.

ఈ చరిత్రలో ఒక వరుస ఉంది. తక్కువ ఆహారంతో మనిషి నిలవడని కార్నిష్ మన కరువులో చెప్పాడు. ఆహారంలో కనబడని పదార్థం ప్రాణం నిలుపుతుందని లూసీ విల్స్ మన గర్భిణులలో చూసింది. ఆ పదార్థాన్ని సుబ్బారావుగారి బృందం తయారుచేసింది, దాని విరోధిని ఔషధంగా అందించింది. ఆ ఔషధం నేడు మారుమూల పల్లెనుండి వెళ్ళిన రోగికి సైతం దొరుకుతున్నది. దానిని స్వీకరించే శరీరాన్ని సిద్ధంగా ఉంచడం ఇంటివారి చేతిలోనూ, నా వంటి ఊరి వైద్యుని చేతిలోనూ మిగిలిన పని.

మీ ఇంట్లో గాని, మీ వీధిలో గాని క్యాన్సర్ చికిత్స పొందుతున్నవారు ఉంటే, ఈ వారం వారి బరువు ఎంతో అడగండి. తెలియదంటే తూకం వేయించండి. గత నెలకంటే తగ్గి ఉంటే తదుపరి విడత దాకా ఆగకుండా వారి వైద్యునికి తెలియజేయండి. ఆ రైతు విషయంలో నేను చేయవలసి ఉండి చేయని పని అదే.